శివరాత్రి నాటి పండుమిర్చి

నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో మందుల కంపెనీల వెనక గల్లీలో ఒక పచ్చళ్ల యూనిట్ ఉంది. బోర్డు చిన్నది, వాసన పెద్దది. గల్లీలోకి కొత్తగా అడుగుపెట్టినవాళ్లు తుమ్ముతారు, పాతవాళ్లకు ఆకలేస్తుంది. అందులో పద్నాలుగేళ్లుగా రుచి చూసే మనిషి సత్తమ్మ.

రుచి చూడటం కూడా ఒక పనేనా అని మీకు అనిపిస్తే తప్పు మీది కాదు. ఆమె మొగుడు ఉప్పలయ్య కూడా మొదట్లో నవ్వాడు. "తిన్నందుకు జీతమిస్తరా? జర నన్ను గూడ పెట్టుకొమ్మను మీ మేడాన్ని" అన్నాడు. రోజంతా రకరకాల కారాలు నాలుక మీద వేసుకుని ఇంటికొచ్చిన పెళ్లాం అన్నం పళ్లెం ముందు కూర్చోలేక లేచిపోవడం నాలుగు రోజులు చూశాక ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

యూనిట్ యజమానురాలు రాజేశ్వరమ్మ ఒక పద్ధతి పెట్టింది. కలిపిన పచ్చడి ఏదైనా సరే, సత్తమ్మ రుచి చూడనిదే సీసాల్లోకి వెళ్లడానికి వీల్లేదు. డ్రమ్ము తయారవగానే మిక్సరు ఆపేస్తారు. ఒక స్టీలు గిన్నెలో వేడి అన్నం తెచ్చి పెడతారు. సత్తమ్మ నోరు పుక్కిలించి, స్టూలు మీద కూర్చుని, ఆ అన్నంలో కొంచెం పచ్చడి కలిపి బుక్క నోట్లో పెట్టుకుంటుంది. ఉన్న పద్నాలుగు మంది ఆడవాళ్లూ చేతుల్లో పని ఆపి ఆమె మొహం వంకే చూస్తారు. "మెంతులు మాడినయ్" అందంటే మాడినట్టే. "ఇంకో గుప్పెడు ఉప్పు వడాలె" అందంటే పడాల్సిందే. బాగుంటే మాత్రం "కానియ్యి" అని ఒక్క మాట అని, చాక్‌పీసుతో డ్రమ్ము మీద గీత గీస్తుంది. ఉప్పు కొలిచే మిషన్ ఒకటి కొన్నారు గానీ, రెండుసార్లు మిషనూ సత్తమ్మా వేరువేరు మాటలు చెప్పేసరికి, రాజేశ్వరమ్మ మిషన్‌ని బీరువాలో పెట్టి తాళం వేసింది.

దాంతో సత్తమ్మకు కొంచెం తలకెక్కిన మాట కూడా నిజమే. దాచడమెందుకు? ఆలేరు పక్క పల్లె నుంచి ఇరవై రెండేళ్ల కింద చేతిసంచితో వచ్చిన మనిషి. చదువు లేదు, సంతకం కూడా ఈ యూనిట్లోనే నేర్చుకుంది. ఈ ఊళ్లో ఆమెను నలుగురు పేరు పెట్టి పిలిచారంటే అది ఆ నాలుక వల్లే. చుట్టాల పెళ్లిళ్లలో పప్పు దించేముందు "సత్తమ్మను పిలువుండ్రి" అంటే, పట్టుచీర కొంగు సవరించుకుని మహా గంభీరంగా నడిచి వెళ్లేది. ఆ నాలుక కోసం పాన్ మానేసింది. పొగలు కక్కే చాయ్ మానేసింది. పనిరోజుల్లో ఒక్కపొద్దులు కూడా మానేసింది. మిగతా ఆడవాళ్లంతా ఉపవాసం ఉన్న రోజున తనొక్కతే పచ్చడి బుక్క నోట్లో పెట్టుకుంటూ, "నేను తినకపోతె పదిళ్లల్ల ఉప్పెక్కువ తింటరు. శివునికి ఎర్కలేదా?" అనేది.

పోయిన ఏడాది బోనాల నెలలో, ఎడమ బుగ్గ లోపల మొదటిసారి మండింది.

వేడి చేసిందనుకుంది. సబ్జా గింజలు నానబెట్టుకుని తాగింది, మజ్జిగ తాగింది, పటిక నీళ్లు పుక్కిలించింది. మంట తగ్గలేదు సరికదా, కుడి బుగ్గకు కూడా వచ్చింది. ఒకరోజు ఇంట్లో ఎవరూ లేనప్పుడు అద్దం కిటికీ దగ్గరికి తెచ్చి, వేలితో బుగ్గ లాగి చూసుకుంది. లోపల తెల్లటి సన్నటి గీతలు సాలెగూడులా అల్లుకుని ఉన్నాయి. వాటి మధ్య చర్మం ఎర్రగా ఒరిసిపోయి ఉంది. అద్దం బోర్లించి పెట్టేసింది.

ఆమె భయపడ్డది చావుకు కాదు, జనం నోళ్లకు. బస్తీలో నోట్లో పుండంటే అందరికీ ఒకటే లెక్క, గుట్కా. పక్క లైనులో ఒకామె జర్దా నమిలి నమిలి నోరు తెరవలేకుండా అయితే, జాలిపడినవాళ్లకంటే "మంచిగయ్యింది" అన్నవాళ్లే ఎక్కువ. అలా అన్నవాళ్లలో సత్తమ్మ కూడా ఉంది. ఇక యూనిట్లో తెలిస్తే? నోట్లో పుండ్లున్న మనిషి రుచి చూసిన పచ్చడి అని ఒక్కరు నోరు జారితే చాలు, ఆమెను రేపటి నుంచి గేటు లోపలికి కూడా రానివ్వరు. అందుకని ఎవరికీ చెప్పలేదు, ఉప్పలయ్యకు కూడా. అన్నంలో పెరుగు కలుపుకుని తింటుంటే "ఏంది, కూర ముట్టవా?" అని అతను అడిగితే, "శనివారం" అనేది. ఒకసారి మంగళవారం నాడు కూడా శనివారం అంది. అతను మంచివాడు కాబట్టి ఏమీ అనలేదు.

నాలుగైదు నెలలు కళ్లనీళ్లు కుక్కుకుంటూ రుచి చూసింది. ఆ తర్వాత చలికాలంలో దొంగదారి పట్టింది.

పచ్చళ్లు కలిపే పిల్ల గౌతమి. ఇరవై తొమ్మిదేళ్లుంటాయి, పీర్జాదిగూడ నుంచి వస్తుంది. ఉప్పు, కారం, నూనె తూకం వేసి కలిపేదంతా ఆమె పనే. కలిపాక ఊరికే ఉండలేక వేలి కొసతో కాస్త నాలుకకు తాకించుకునే అలవాటుంది. రుచి కుదిరితే ఆ పిల్ల మొహం దానంతటదే విచ్చుకుంటుంది, కుదరకపోతే ముక్కు ముడుస్తుంది. సత్తమ్మ ఇది పట్టేసింది. గౌతమి నవ్విందంటే, సత్తమ్మ బుక్కను పెదవి దాకా తెచ్చి, చేతిలోనే నలిపి కొంగులోకి జారవిడిచి, కళ్లు మూసుకుని "కానియ్యి" అనేది. ముక్కు ముడిచిన రోజున మాత్రం రవ్వంత నోట్లో వేసుకుని, నరకం చూసి, తప్పెక్కడుందో చెప్పేది. పద్నాలుగు మంది కళ్లూ కప్పింది. ఎంత నేర్పుగా కప్పిందంటే, మొదటి వారం తర్వాత ఆమెకు సిగ్గు కూడా వేయలేదు.

జనవరిలో డాక్టరు దగ్గరికి వెళ్లింది. నాచారంలో అయితే ఎవరైనా చూస్తారని ఉప్పల్ దాకా వెళ్లింది, అది కూడా మూతికి స్కార్ఫు చుట్టుకుని. అక్కడ పళ్ల డాక్టరు అరుణకుమారి లైటు వేసి చూసి మొదట అడిగిన మాట, "గుట్కా గానీ, జర్దా గానీ, గుల్ గానీ అలవాటుందా?"

"లేదమ్మా. నాకు పాన్ గూడ అలవాటు లేదు."

"ఉంటే దాచకమ్మా."

అడిగింది డాక్టరు, అడగాల్సిన మాటే. అయినా చేయని తప్పుకు చెంపదెబ్బ తిన్నట్టు సత్తమ్మ చెవులు వేడెక్కాయి. డాక్టరమ్మ బుగ్గలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. వారం తర్వాత కాగితం చూసి నెమ్మదిగా విడమరిచి చెప్పింది. దీన్ని లైకెన్ ప్లానస్ అంటారు. ఒంట్లోని కాపలా శక్తే పొరపాటున బుగ్గ చర్మం మీదికి తిరగబడుతుంది. క్యాన్సర్ కాదు. ఒకరినుంచి ఒకరికి అంటుకోదు. అయితే పూర్తిగా పోయేదీ కాదు, పైపూత మందుతో అదుపులో ఉంచుకోవాలి, ఆర్నెల్లకోసారి తప్పకుండా చూపించుకోవాలి. కారం తగ్గించాలి.

"ఏం పని చేస్తవమ్మా?" అని అడిగింది చివర్లో.

"గిట్లనే, ప్యాకింగ్" అంది సత్తమ్మ.

ఈ అబద్ధమే ఆమె కొంప ముంచింది. నిజం చెప్పి ఉంటే డాక్టరు ఆ రోజే ఆ పని మాన్పించి ఉండేది.

డాక్టరు ఒక చిన్న ట్యూబు రాసిచ్చింది. దాన్ని సత్తమ్మ జాకెట్టులో దోపుకునే చిన్న పర్సులో దాచుకుంది. ఇంట్లో ఎవరైనా చూస్తే కాళ్ల పగుళ్ల మందని చెప్పాలని ముందే తయారుగా ఉంది. అంతా బాగానే ఉంది గానీ, మందు వేసుకోవడం పళ్లపొడి రుద్దినట్టు రుద్దింది. చిన్నప్పటి నుంచీ నోట్లో వేలు పెట్టడమంటే రుద్దడమే తెలిసిన మనిషి. వేలితో బుగ్గ లోపల గట్టిగా రుద్ది, ఊసి, వెంటనే చల్లారిన చాయ్ తాగేది. ఒరిసిన చోట ఇంకా ఒరిసింది. మూడు వారాలకు మంట రెట్టింపై, ఏడుస్తూ మళ్లీ ఉప్పల్ వెళ్లింది.

"రుద్దమన్నది ఎవరమ్మా?" అని డాక్టరమ్మ తల పట్టుకుంది. ఈసారి అద్దం చేతికిచ్చి, తనే చేసి చూపించింది. అన్నం తిన్నాక నోరు పుక్కిలించాలి. దూదితో ఆ చోటు తడి అద్దాలి. పెసరగింజంత మందు వేలి కొసన తీసుకుని, ఊరికే అంటించి వదిలేయాలి. అది పొరలా పరుచుకుని అంటుకుంటుంది. అరగంట దాకా నీళ్లు కూడా తాగకూడదు. రోజుకు మూడుసార్లు.

గంటకో డ్రమ్ము రుచి చూసే మనిషికి అరగంట నోరు ఖాళీ ఎక్కడ దొరుకుతుంది? ఇంటి దగ్గర పొద్దున ఒకసారి, పడుకునే ముందు ఒకసారి అద్దుకునేది. సగం మందుకు సగం గుణం.

అలా శివరాత్రి వచ్చింది.

పండుమిర్చి రోజులు అవి. పండుమిరపకాయల్ని ఉప్పు, చింతపండుతో తొక్కి డ్రమ్ముల్లో నిల్వ పెడతారు, తర్వాత కావాల్సినప్పుడు తీసి పోపు పెట్టి, మిగిలిన ఉప్పు చూసి కలుపుతారు. పెద్ద ఆర్డరు ఉండటంతో పండగైనా మధ్యాహ్నం దాకా పని పెట్టారు. ఆడవాళ్లంతా ఒక్కపొద్దు. గౌతమి కూడా. ఆ రోజు తీసిన డ్రమ్ములో ఉప్పు ముందే పూర్తిగా పడి ఉంది. దాని మీద రాసి ఉండాల్సిన గుర్తు నీళ్లకు చెరిగిపోయింది. గౌతమి ఎప్పటిలాగే తూకం వేసి ఉప్పు పోసింది. ఇలాంటి పొరపాట్లు పట్టడానికే కదా ఒక మనిషి స్టూలు మీద కూర్చునేది.

సత్తమ్మకు ఆ పొద్దున్నే బుగ్గలు నిప్పుల్లా ఉన్నాయి. ఓర్చుకోలేక బాత్‌రూములోకి వెళ్లి రెండు వైపులా మందు అంటించుకుని వచ్చింది. స్టూలు మీద కూర్చునేసరికి నోరంతా జిగటగా పొర కట్టి ఉంది. అన్నం గిన్నె వచ్చింది. ఆమె గౌతమి వంక చూసింది. గౌతమి నవ్వింది.

సత్తమ్మ బుక్కను పెదవి దాకా తెచ్చింది, కొంగులో వేసింది, కళ్లు మూసుకుంది. "కానియ్యి" అని గీత గీసింది.

రెండు వారాలకు సీసాలు వెనక్కి రావడం మొదలైంది. ఉప్పు కషాయమని, పిల్లలు ఉమ్మేశారని, దుకాణాల వాళ్లు ఫోన్ల మీద ఫోన్లు. రాజేశ్వరమ్మ యూనిట్ మొదలుపెట్టిన నాటి నుంచి ఇలాంటిది ఎన్నడూ జరగలేదు. ఆమె ఆఫీసు గదిలోకి సత్తమ్మను పిలిచింది. కోపంగా కాదు, నమ్మకంగానే అడిగింది.

"సత్తమ్మా, నువ్వు జూసినప్పుడు ఎట్లుండె?"

చెప్పడానికి అదొక్కటే అదను. సత్తమ్మ నోరు తెరిచింది కూడా. కానీ బుగ్గ లోపలి గీతలు, గుట్కా అనే మాట, గేటు బయట నిలబడ్డ తను, అన్నీ ఒకేసారి కళ్ల ముందుకొచ్చాయి.

"నేను జూసినప్పుడు సరిగ్గనే ఉండె అమ్మా" అంది. అంతటితో ఆగితే ఎంతో కొంత నయం. ఆగలేదు. "ఎనుకసిరి ఎవరన్న మళ్ల ఉప్పు పోసిన్రేమో."

ఉప్పు పోసేది ఒక్కరే. ఆ ఒక్కరూ అప్పుడు గుమ్మం బయట తన వంతు కోసం నిలబడి ఉన్నారు. ఆ సాయంత్రం గౌతమి టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. రుచి చూసిన డ్రమ్ములో మళ్లీ ఉప్పు కలిపిందట అని గల్లీ అంతా పాకింది. తర్వాత ఆ పిల్ల ఇంకో రెండు యూనిట్లలో పని అడిగిందనీ, తూకం తెలియని దాన్ని పెట్టుకోం అన్నారనీ సీసాలు కడిగే వాళ్లు చెప్పుకుంటుంటే సత్తమ్మ వింది. విని, మూతలు లెక్కపెడుతున్నట్టు తల వంచుకుంది.

వెనక్కి వచ్చిన సరుకు లెక్క తేలేదాకా రాజేశ్వరమ్మ కొత్తగా కలపడం ఆపేసింది. రుచి చూసే పని లేదు. సత్తమ్మ మూతలు బిగించే దగ్గర కూర్చునేది. ఇప్పుడు అరగంట ఏం ఖర్మ, రోజంతా నోరు ఖాళీయే. మూడు పూటలా డాక్టరు చెప్పినట్టే దూదితో తడి అద్ది, రుద్దకుండా మందు అంటించి, గడియారం చూసుకుంటూ కూర్చుంది. కారం ముట్టలేదు. మంట రోజురోజుకూ తగ్గుతూ వచ్చింది. పదో రోజు పొద్దున అద్దంలో చూసుకుంటే తెల్లటి గీతలు ఉన్నాయి గానీ, వాటి మధ్య ఎరుపు దాదాపు పోయింది. ఆ రోజు ఇంట్లో టమాట పప్పు తింది. ఉప్పలయ్య పళ్లెం వైపు వేలు చూపిస్తూ, "ఇయ్యాల శనివారం కాదా?" అన్నాడు. చాలా రోజుల తర్వాత సత్తమ్మ నవ్వింది.

అప్పుడు మనసు ఒక పాడు ఉపాయం చెప్పింది. నోరు బాగైంది కదా, ఇక నిజంగానే రుచి చూడొచ్చు, ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు, జరిగిందేదో జరిగిపోయింది. సత్తమ్మ ఆ ఉపాయాన్ని పూర్తిగా నమ్మింది కూడా. నమ్మే యూనిట్‌కి వెళ్లింది. మూలన వెనక్కి వచ్చిన సీసాల అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. మధ్యాహ్నం అందరూ అన్నాలకు కూర్చున్నప్పుడు, నాలుక ఎంతవరకు పనిచేస్తుందో చూద్దామని ఒక సీసా మూత తీసి, అన్నంలో కలిపి బుక్క నోట్లో పెట్టుకుంది.

వెంటనే బయటికి ఊసేసింది. కారం వల్ల కాదు. అది పచ్చడి కాదు, ఉప్పు ముద్ద. పద్నాలుగేళ్ల అనుభవం అక్కర్లేదు, పాలు మరిచిన పిల్ల కూడా చెప్పగలదు. సీసా మీద, నింపిన తేదీ శివరాత్రి మర్నాటిది. "నేను జూసినప్పుడు సరిగ్గనే ఉండె" అన్న తన గొంతు తనకే వినపడింది. నాలుక తిరిగి వచ్చింది, మొట్టమొదట ఆమెకు రుచి చూపించింది తను చేసిన పనిని.

సాయంత్రం ఇంటికి పోకుండా ఉప్పల్ రింగురోడ్డుకు వెళ్లి ఘట్‌కేసర్ బస్సెక్కి పీర్జాదిగూడలో దిగింది. కొత్తగా లేస్తున్న అపార్ట్‌మెంట్ల వెనక రెండు గదుల ఇల్లు. గౌతమి అప్పుడే వచ్చినట్టుంది, చేతులు సున్నం పట్టినట్టు తెల్లగా పగిలి ఉన్నాయి. అపార్ట్‌మెంట్లలో మెట్లు కడిగే పనికి వెళ్తోందట. సత్తమ్మను చూసి ఆశ్చర్యపోలేదు. కుర్చీ వేసింది, నీళ్లిచ్చింది.

"కూసో పెద్దమ్మా. తినిపో" అంది.

"నాకేమొద్దు బిడ్డా..."

గౌతమి వినిపించుకోలేదు. పొయ్యి మీద కోడికూర ఉడుకుతోంది, ఇల్లంతా మసాలా వాసన. గౌతమి కూతురు పళ్లెంలో ఆ కూరే వేసుకుని తింటోంది. లోపలికి వెళ్లిన గౌతమి కాసేపటికి ఒక పళ్లెం తెచ్చి సత్తమ్మ చేతిలో పెట్టింది. మెత్తగా కలిపిన పెరుగన్నం. పోపు లేదు, పచ్చిమిరపకాయ లేదు, పక్కన తొక్కు కూడా లేదు.

సత్తమ్మ పళ్లెం వంక చూసి, గౌతమి వంక చూసింది.

"చలికాలం సంది ఎర్క పెద్దమ్మా" అంది గౌతమి నేల మీద కూర్చుంటూ. "బుక్క కొంగుల ఏసుకునుడు జూసిన. ముందుగాల నా మొకం జూస్తున్నవని గూడ తెలిసింది. ఏదో తక్లీఫ్ ఉంది, చెప్పుకుంటలేదు అనుకున్న. అందుకే నువ్వు కూసునే ముందు నేను మంచిగ రుచి జూసేదాన్ని. బాగుంటె నీకు కనవడేటట్టు నవ్వేదాన్ని."

"శివరాత్రినాడు గూడ నవ్వితివి గద బిడ్డా."

"ఒక్కపొద్దుంటి. నోట్ల ఏం పెట్టలే. నువ్వు నా మొకం దిక్కు జూస్తవని ఆ గడియల యాదికి రాలే. పండగపూట నువ్వు సూస్తె ఊకనే నవ్విన. నాది గూడ తప్పే."

ఉద్యోగం పోయి, పేరు పోయి, మెట్లు కడుగుతున్న పిల్ల తప్పులో వాటా అడుగుతోంది. సత్తమ్మకు ఆ పళ్లెం పట్టుకోవడం కూడా చేతకాలేదు. కింద పెట్టి, గౌతమి చేతులు పట్టుకుంది.

"అమ్మతోని నేను అబద్ధం జెప్పిన. ఎనుకసిరి ఉప్పు పోసిన్రేమో అన్న."

"విన్న. గుమ్మం కాడనే ఉంటి."

"నన్ను మాఫ్ జెయ్ బిడ్డా."

గౌతమి చేతులు విడిపించుకుంది. మోటుగా కాదు, నెమ్మదిగానే. "నాకు జెప్తె ఏమొస్తది పెద్దమ్మా? నాకు ఎర్కున్న ముచ్చటనే నాకు జెప్తివి. ఎర్కలేనోళ్లకు జెప్పు." అంతే అంది. తర్వాత పళ్లెం మళ్లీ చేతికిచ్చి, "చల్లగయితది, తిను" అంది.

సత్తమ్మ తింది. ఆమె బతుకులో అంత సిగ్గుతో తిన్న అన్నం ఇంకోటి లేదు. నిజం చెప్పాలంటే, ఆమె ఇక్కడికి వచ్చిందే చాటుగా క్షమాపణ అడుక్కుని, ఆ మాట ఇక్కడే పూడ్చిపెట్టి పోదామని. ఆ సంగతి కూడా ఆ పిల్లకు తెలిసిపోయిందని బస్సులో కూర్చున్నాక అర్థమైంది.

మర్నాడు పొద్దున యూనిట్లో రాజేశ్వరమ్మ అందరికీ పని పంచుతున్నప్పుడు సత్తమ్మ ముందుకొచ్చి నిలబడింది. చేతిలో డాక్టరు కాగితమూ, మందు ట్యూబూ ఉన్నాయి. రాత్రంతా మాటలు కూర్చుకుంది గానీ అన్నీ ఎగిరిపోయాయి. వేలితో బుగ్గ పక్కకు లాగి, అలాగే నిలబడింది.

"ఏందే ఇది సత్తమ్మా?" రాజేశ్వరమ్మ కళ్లద్దాలు సవరించుకుని దగ్గరికొచ్చింది.

"నోరు పాడయింది అమ్మా. ఎనిమిది నెలలైంది. ఉప్పు తాకినా, కారం తాకినా అగ్గే. చలికాలం సంది నేను రుచి జూడలే. గౌతమి మొకం జూసి కానియ్యిమన్న. శివరాత్రి డ్రమ్ముల బుక్క నా నోట్ల వడనే లేదు. ఆ పిల్ల ఎనుక ఏం పోయలే. ఉప్పు అంతకుముందే ఎక్కువుండె, నేను పట్టాలె, పట్టలే. మీతోని అబద్ధం జెప్పిన."

గదిలో మిక్సరు కూడా ఆగి ఉంది కాబట్టి ఎవరు ఊపిరి తీసినా వినపడుతోంది. ముందు వరసలో ఉన్నామె తనకు తెలియకుండానే ఒక అడుగు వెనక్కి వేసింది. ఇంకెవరో "అంటుకుంటదా గది?" అని గొణిగారు. "అంటుకోదు" అని సత్తమ్మ కాగితం ముందుకు చాపింది. ఎవరూ అందుకోలేదు. ఎనిమిది నెలలు ఏ చూపులకు భయపడిందో ఆ చూపులన్నీ ఇప్పుడు ఆమె మీదే ఉన్నాయి. రాజేశ్వరమ్మ కాగితం తీసుకుని చదివింది. చాలాసేపు చదివింది.

"రోగమొస్తె సిగ్గెందుకే? నాతోని జెప్తె నేనే దవాఖానకు తోల్కపోయేదాన్ని" అంది చివరికి. ఆమె గొంతులో కోపం కంటే బాధే ఎక్కువ ఉంది.

"గా సిగ్గు ఇప్పుడు ఒడిసింది అమ్మా. ఆ పిల్ల మీద చెప్పిన మాటది ఒడుస్తలేదు."

రాజేశ్వరమ్మ కాగితం మడిచి తిరిగిచ్చింది. ఆ రోజు గౌతమిని ఒక్క మాట కూడా అడగకుండా పంపేసింది తనే కదా. ఫోను తీసి నంబరు నొక్కి, స్పీకరు పెట్టి, సత్తమ్మ చేతికిచ్చింది. "పనిలకు రమ్మని నువ్వే జెప్పు" అంది.

అవతల నీళ్లు పారుతున్న చప్పుడు, బకెట్టు జరిపిన చప్పుడు. "హలో, మేడం?" అంది గౌతమి.

"నేను, సత్తమ్మను. జెప్పిన బిడ్డా."

"ఎవరికి?"

"అందరి ముంగట. అందరు ఈడనే ఉన్నరు, ఇంటున్నరు. నీ తప్పేం లేదని జెప్పిన. అమ్మ నిన్ను పనిలకు రమ్మంటుంది."

అవతల నల్లా ఆగిపోయింది. ఫోను పెట్టేసిందేమో అనుకున్నారు. తర్వాత ఏడుపు వినపడింది. చిన్నగా మొదలై, ఆపుకోలేక, అందరూ వింటుండగా పెద్దగా ఏడ్చింది గౌతమి. పనిలోంచి తీసేసిన సాయంత్రం కంట తడి పెట్టకుండా వెళ్లిపోయిన పిల్ల, నిన్న పెరుగన్నం చేతికిస్తూ గొంతు కూడా పెంచని పిల్ల.

అందరి ముందూ నోరు తెరిచి చూపించడమే అన్నిటికంటే పెద్ద సిగ్గు అనుకుంది సత్తమ్మ అప్పటిదాకా. ఫోను చెవి దగ్గర పెట్టుకుంటే ఏడుపు తగ్గుతుందేమో అన్నట్టు దాన్ని రెండు చేతులతో చెంపకు అదుముకుని నిలబడింది. కట్ చేయమని ఎవరూ అనలేదు, ఆమె కూడా చేయలేదు.